నూట పన్నెండో పేజీ

మార్చి 3

వదినకి,

పార్సిల్ విప్పే ముందు ఈ ఉత్తరం చదవండి. ఇప్పటికే విప్పేసి ఉంటే మళ్ళీ కట్టేసి చదవండి.

అందులో ఉన్నది నా నోట్‌బుక్. గళ్ళ కాగితం, నల్ల అట్ట, నూట తొంభై రెండు పేజీలు, చివర పన్నెండు మాత్రమే ఖాళీ. ఇది ఏడోది. బస్సులో నిలబడి కూడా దీంట్లో రాస్తూ ఉంటానని, మీ ఇంటికొచ్చి భోజనం మధ్యలో చెయ్యి కడుక్కుని మరీ రాసుకుంటానని మీకు తెలుసు. ఆ నోట్‌బుక్ గోల ఎందుకు, ఫోనులో రాసుకోవచ్చు కదా అంటాడు అన్నయ్య. ఫోనులో రాస్తే నా ఆలోచన వెళ్ళి కరెంటు బిల్లు మెసేజి పక్కన కూర్చుంటుంది. మర్నాటికి రెండూ ఒక్కలాగే కనిపిస్తాయి.

దీన్ని మీరు దాచిపెట్టాలి. మే పదో తారీఖు దాకా నాకు ఇవ్వకూడదు. నేను కాళ్ళావేళ్ళా పడినా ఇవ్వకూడదు.

ఎందుకో చెబుతాను. ఈ బొమ్మలాటల థియేటర్‌లో తొమ్మిదేళ్ళుగా మరమ్మతుల గదిలోనే ఉన్నాను. తెగిన దారాలు కడతాను, ఊడిన ముక్కులు అతికిస్తాను. నిన్న థియేటర్ నడిపే పెద్దాయన పిలిచి, "మే తొమ్మిది సాయంత్రం నలభై నిమిషాలు ఖాళీగా ఉంది. నీ సొంత ఆట వేస్తావా? వేస్తే అదేం ఆట అన్నది ఏప్రిల్ పదహారు సాయంత్రంలోగా చెప్పు. లేదంటే గొంతుకి ఇచ్చేస్తాను. నిన్ను మళ్ళీ అడగను" అన్నారు. గొంతు అంటే మా దగ్గర బొమ్మలకి మాటలు చెప్పే అతను. అసలు పేరు అందరం మరిచిపోయాం, బహుశా అతను కూడా.

రెండొందల పదకొండు ఆలోచనలు రాసుకున్నదానికి ఒక్క ఆట లేదా అని మీకు నవ్వు రావచ్చు. అదే వదినా నా రోగం. ఏదో ఒకటి మొదలుపెడతాను. బొమ్మ తల చెక్కడం సగంలో ఉండగా ఏదో చూసుకుందామని నోట్‌బుక్ తెరుస్తాను. పక్క పేజీలో ఇంకా మంచిది కనిపిస్తుంది. తల అలాగే ఉండిపోతుంది. నా బల్ల కింద అట్టపెట్టెలో అలాంటి సగం తలలు పదిహేడు ఉన్నాయి.

ఈసారి అరవై నాలుగో ఆలోచన తీసుకున్నాను. మేఘాలకి హాజరు వేసే గుమస్తా కథ. అదొక్కటే బుర్రలో ఉంచుకుని మిగతాదంతా మీకు పంపేస్తున్నాను. అన్నయ్యకి చెప్పకండి, జాలిపడి మర్నాడే పంపేస్తాడు. ఈ విషయం ఫోనులో కూడా వద్దు. ఫోనులో అయితే రెండు నిమిషాల్లో మిమ్మల్ని మాటల్లో పెట్టేయగలను. ఉత్తరం పోవడానికి నాలుగు రోజులు, రావడానికి నాలుగు రోజులు. ఆ ఎనిమిది రోజుల్లో నాకు బుద్ధి రావొచ్చు.

భారమంతా మీ మీద వేసి,
మీ ఆడపడుచు


మార్చి 8

అమ్మాయ్,

నోట్‌బుక్ చేరింది. దానికి నువ్వు చుట్టిన రబ్బరు బ్యాండు దారిలో తెగిపోయింది. బట్ట అంచు ముక్కతో రెండు చుట్లు కట్టి, ముడి మీద నాలుగు కుట్లు వేశాను. ఎవరు విప్పినా తెలిసిపోతుంది. బీరువా అడుగు అరలో, నా నమూనా కాగితాల కింద పెట్టాను. తాళంచెవి నా దగ్గరే ఉంది.

నీ అన్నయ్యని పెళ్ళి చేసుకున్న పంతొమ్మిదేళ్ళకి ఆడపడుచు నాకు ఒక ఉద్యోగం ఇచ్చింది, అదీ జైలరు ఉద్యోగం. సంతోషం.

పార్సిల్ ఏమిటని మీ అన్నయ్య అడిగారు. బట్ట నమూనాలన్నాను. నమ్మారు. ఆయన్ని నమ్మించడంలో నా గొప్ప ఏమీ లేదులే. రోజంతా లిఫ్టుల గోతుల్లో దిగి రిపేర్లు చేసే మనిషికి పైకొచ్చాక ఎవరేం చెప్పినా నిజమే.

మా షాపులో ఈ నెలంతా నర్సుల కోట్లు. రెండొందల నలభై. అన్నీ తెలుపే, మూడే సైజులు. ఇరవై రెండేళ్ళుగా కత్తిరింపు బల్ల దగ్గర నిలబడుతున్నాను కదా, నేను కత్తిరించిన కోటు వేసుకుని నడుస్తున్న మనిషిని ఒక్కసారైనా చూశానా అని నిన్న మధ్యాహ్నం ఎందుకో అనిపించింది. చూడలేదు. తరువాత పని వచ్చి పడింది, మరిచిపోయాను.

ఒక్క గుమస్తానే పట్టుకుంటానన్నావు. వాడినే పట్టుకో.

వదిన


మార్చి 14

వదినా,

గుమస్తా నాకు లొంగడం లేదు. బల్ల దగ్గర కూర్చుంటాను, లేస్తాను, కిటికీ దాకా వెళ్తాను, ఏ మేఘమూ ఉండదు, తిరిగొచ్చి జిగురు కలుపుతాను, అతికించేది ఏమీ లేదని గుర్తొస్తుంది. కాలు గాలిన పిల్లిలా తిరుగుతున్నానని గొంతు అన్నాడు. అనడమే కాదు, ఆ మాట ముసలి బొమ్మ గొంతులో ఒకసారి, రాజు గొంతులో ఒకసారి అని వినిపించాడు. నవ్వుదామనుకున్నాను, నవ్వు రాలేదు.

మా మరమ్మతుల గది మీరు చూడలేదు. గోడ పొడవునా కొక్కేలు, కొక్కేలకి బొమ్మలు. తలుపు తీసినప్పుడల్లా గాలికి అన్నీ ఒక్కసారి నావైపు తిరుగుతాయి. ఇదివరకు నాకది ఇష్టంగా ఉండేది. ఇప్పుడు అందరూ కలిసి "ఏమైంది, అయిందా?" అని అడుగుతున్నట్టుంది.

గుమస్తా మేఘాలకి హాజరు వేస్తాడు, సరే. ఆ తరువాత ఏం చేస్తాడు? నాకు తెలియదు. కానీ ఎనభై ఏడో పేజీలో ఒక నిచ్చెన ఉంది వదినా. ఆ నిచ్చెన గుమస్తాకి సరిగ్గా సరిపోతుంది. నోట్‌బుక్ వద్దు. ఆ ఒక్క పేజీ చూసి, అందులో ఉన్నది ఉన్నట్టు రాసి పంపండి. పుణ్యం ఉంటుంది.

మీ ఆడపడుచు


మార్చి 19

అమ్మాయ్,

పంపను.

కాళ్ళావేళ్ళా పడినా ఇవ్వొద్దని నువ్వే రాశావు. ఇంకా కాళ్ళ దాకా కూడా రాలేదు, అప్పుడే కరగమంటే ఎలా? నిచ్చెన కావాలంటే కొత్తది ఆలోచించుకో. అది కట్టింది కూడా నువ్వే కదా, చేతులు ఎక్కడికీ పోలేదు.

నర్సుల కోట్లు నూట అరవై అయ్యాయి. జేబు ఇంకో రెండు అంగుళాలు కిందికి ఉంటే వాళ్ళకి మోచెయ్యి వంచకుండానే అందుతుంది అన్నాను యజమానితో. "నమూనా ఎలా ఉంటే అలా కత్తిరించమ్మా" అన్నాడు. అలాగే కత్తిరిస్తున్నాను.

వేళకి తిను. గుమస్తాని వదలకు.

వదిన


మార్చి 22

వదినా,

మీ జవాబు ఇంకా రాలేదు. పంపి ఉంటే ఈపాటికి రావాలి. అంటే పంపలేదన్నమాట.

గుమస్తాని వదిలేశాను. వాడు వట్టి పేరు వదినా, మనిషి కాదు. చేతిలో రిజిస్టరు పెడితే పట్టుకుంటాడు, తీసేస్తే చేతులు ఎక్కడ పెట్టాలో వాడికీ తెలియదు, నాకూ తెలియదు. ఇంకా పాతిక రోజులే ఉన్నాయి. నా రెండొందల పదకొండు ఆలోచనలూ మీ బీరువాలో నిద్రపోతున్నాయి.

తప్పు నాదే. నేనే పంపాను. కానీ మనిషి మునుగుతుంటే "నువ్వే కదా నీళ్ళలోకి దిగింది" అని గట్టు మీద కూర్చునేవాళ్ళు ఉంటారా? మీరెప్పుడూ ఇంతే. కొలత అంటే కొలత, అర అంగుళం అటూ ఇటూ జరగరు. ఒక ఆలోచన చేతికి అందకపోతే ఎలా ఉంటుందో మీకు తెలిసే అవకాశం లేదు. గీసిన గీత మీద కత్తెర నడిపితే మీ పని అయిపోతుంది. నా పనికి గీత ఎవరూ గీసి ఇవ్వరు.

కోపంలో రాస్తున్నాను. చింపకుండా పోస్టు చేస్తున్నాను, ఎందుకంటే చింపితే మళ్ళీ ఇదే రాస్తాను.

ఆడపడుచు


మార్చి 29

అమ్మాయ్,

ఇది నీ కోపం ఉత్తరానికి జవాబు కాదు. అది పక్కన పెట్టాను.

మీ అన్నయ్యకి నువ్వు విడిగా రాసిన కార్డు నిన్న వచ్చింది. "వదిన వినడం లేదు, నువ్వైనా ఎనభై ఏడో పేజీ ఫొటో తీసి పంపు" అని. ఎవరికి చెప్పొద్దన్నావో ఆయనకే రాశావు. ఆయన నన్ను అడగకుండా తాళంచెవి తీసి, నా కుట్లు బ్లేడుతో తెంచి, భోజనాల బల్ల దగ్గర కూర్చుని పేజీలు తిప్పారు. తిప్పుతూ తిప్పుతూ మధ్యలో ఆగి నవ్వడం మొదలుపెట్టారు. "ఇదిగో, నీ గురించే రాసింది, విను" అని గట్టిగా చదివి వినిపించారు. ఆయనకి అందులో తప్పేమీ కనిపించలేదు పాపం. ఎంత ముచ్చటగా రాసిందో అనుకున్నారు.

నూట పన్నెండో పేజీ. "వదిన: పద్నాలుగు సంగతులు." టేపు మెడలో ఉంచుకునే నిద్రపోతుంది. నవ్వొస్తే పెదాల మధ్య గుండుసూదులు పెట్టుకుంటుంది. మాటలు కూడా మీటరు లెక్కన కోసి ఇస్తుంది. ఎవరైనా ఏడిస్తే ఓదార్చదు, కొలతలు తీసుకుంటుంది. ఇన్నేళ్ళలో తనకోసం ఒక్క బట్ట కుట్టుకోలేదు.

పద్నాలుగూ విన్నాను. లేచి వెళ్ళిపోలేదు. ఆయన ప్లేటు, నా ప్లేటు తీసి కడిగాను.

నువ్వు మా ఇంటికొచ్చి, నా ఎదురుగా కూర్చుని, చెయ్యి కడుక్కుని మరీ రాసుకున్నది ఇదా? నీ పని నువ్వు చేసుకుంటున్నావు, నీ ఏకాగ్రత చెడగొట్టకూడదు అని నేను పక్క గదిలోకి వెళ్ళి కూర్చునేదాన్ని.

నోట్‌బుక్ ఈ ఉత్తరంతో పాటే పంపుతున్నాను. జైలరు ఉద్యోగం మానేశాను.

వదిన


ఏప్రిల్ 3

వదినా,

పార్సిల్ వచ్చింది. విప్పలేదు. నా బల్ల మీద ఉంది. దాని చుట్టూ తిరుగుతున్నాను.

ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు. తప్పు చేశాను. కార్డు రాయడం తప్పు, అంతకుముందు ఆ కోపం ఉత్తరం ఇంకా పెద్ద తప్పు. కానీ ఆ పేజీ మాత్రం వెక్కిరింత కాదు. అది చెప్పనివ్వండి.

"ఎవరైనా ఏడిస్తే కొలతలు తీసుకుంటుంది" అని ఎందుకు రాశానో మీకు గుర్తు లేదేమో. నాలుగేళ్ళ క్రితం నా మొదటి ఆట వేయకుండానే ఆగిపోయినప్పుడు మీ ఇంటికొచ్చి ఏడ్చాను. అన్నయ్య నా చుట్టూ తిరిగి నీళ్ళిచ్చి, పాపం పాపం అని, నన్ను ఇంకా ఏడిపించాడు. మీరు టేపు తీశారు. "లే, నిలబడు, చేతులు చాపు" అన్నారు. భుజం కొలిచారు. చెయ్యి పొడవు కొలిచారు. మణికట్టు కొలిచారు. మీరు అంకె చెప్పడం, నేను కాగితం మీద రాయడం. ఒక గంట పట్టింది. చివరికి నా ఏడుపు ఎప్పుడు ఆగిందో నాకే తెలియలేదు. ఆ కోటు ఇప్పటికీ వేసుకుంటున్నాను. ఆ రాత మీకు అన్నయ్య గొంతులో, నవ్వు మధ్యలో చేరింది. నా గొంతులో చేరి ఉంటే బాగుండేది.

మీరు నాతో మాట్లాడకపోతే నాకు ఏమీ తోచదు వదినా. నిజం.

మీ ఆడపడుచు


ఏప్రిల్ 9

వదినా,

జవాబు రాలేదు. మళ్ళీ రాస్తున్నాను.

ఇవాళ పార్సిల్ విప్పాను. నూట పన్నెండో పేజీ చింపి మీకే ఇచ్చేయాలని విప్పాను. చింపే ముందు చదివాను. వదినా, మూడుసార్లు చదివాను. ఆ పేజీ చదువుతున్నంతసేపూ పక్క పేజీ చూడాలనిపించలేదు. తొమ్మిదేళ్ళలో ఇలా ఒక్కసారి కూడా జరగలేదు.

గుమస్తా చేతులు ఎక్కడ పెట్టాలో నాకు తెలియలేదన్నాను కదా. మీ చేతులు ఎక్కడ ఉంటాయో నాకు తెలుసు. కళ్ళు మూసుకుని చెక్కగలను.

మిమ్మల్ని బొమ్మగా చేయాలని ఉంది. నా ఆట అదే. ఏడ్చుకుంటూ వచ్చినవాళ్ళందరికీ కొలతలు తీసే ఒక మనిషి. మీరు వద్దంటే చేయను, ఇంకెవరి దగ్గరా ఆ మాట ఎత్తను. చింపిన పేజీ ఇందులో పెట్టాను. అది మీది. కాల్చేసినా సరే.

పదహారు సాయంత్రం పెద్దాయనకి చెప్పాలి. ఫోను చేయొచ్చు, మూడుసార్లు చేతిలోకి తీసుకున్నాను కూడా. కానీ ఫోనులో అడిగితే మీరు "సరేలే" అనేస్తారు. ఆ సరేలే నాకు వద్దు. ఈమధ్య ఉత్తరాలు మూడు రోజుల్లోనే చేరుతున్నాయి, అందిన రోజే రాస్తే పదహారుకి వచ్చేస్తుంది. రాసి పంపండి. రాయకపోతే వద్దనే అర్థం చేసుకుంటాను.

మీ ఆడపడుచు


ఏప్రిల్ 13

అమ్మాయ్,

కాగితం అందింది. తప్పులు దిద్ది వెనక్కి పంపుతున్నాను.

టేపు నేను మెడలో వేసుకోను. ఎడమ భుజం మీద వేసుకుంటాను. మెడలో వేసుకుంటే వంగినప్పుడల్లా బట్ట మీద పాకుతుంది. కొత్తగా చేరినవాళ్ళు అలా వేసుకుంటారు. నన్ను కొత్తదాన్ని చేసి ఆడిస్తే నవ్విపోతారు. గుండుసూదులు పెట్టుకునేది కోపం వచ్చినప్పుడు, నవ్వొచ్చినప్పుడు కాదు. నవ్వొస్తే నవ్వుతాను. ఏడుగురిలో నిలబెట్టినా నా నవ్వు వినిపిస్తుందని మా షాపులో అంటారు. ఇంటికొచ్చాక ఎందుకు రాదో నేనూ ఆలోచించాలి. కొలతల సంగతి ఒప్పుకుంటున్నాను. ఏడ్చేవాళ్ళతో ఏం మాట్లాడాలో నాకు తెలియదు. చేతికి పని ఉంటే చాలు.

తనకోసం ఒక్క బట్ట కుట్టుకోలేదన్నావు. దాని దగ్గర చాలాసేపు ఆగిపోయాను.

నా పనికి గీత ఎవరో గీసి ఇస్తారని, ఆలోచన అందకపోతే ఎలా ఉంటుందో నాకు తెలియదని రాశావు. విను మరి. యజమాని ఇచ్చిన నమూనా కాగితం మీద గీసే ముందు, అంచున నాకు తోచిన కోటు ఒకటి గీసుకుంటాను. వేలెడంత. కాలరు ఇలా మడిస్తే ఎలా ఉంటుంది, జేబు అక్కడ కాకుండా ఇక్కడ పెడితే ఎలా ఉంటుంది అని. రోజుకొకటి, ఒక్కోరోజు రెండు. తరువాత గీత మీద కత్తిరిస్తాను. అంచు బుట్టలో పడుతుంది. సాయంత్రం బుట్ట ఖాళీ చేస్తారు. నీకు ఏడు నోట్‌బుక్కులున్నాయి. నావి ఇరవై రెండేళ్ళ బుట్టలు. ఒక్క ముక్క మిగల్లేదు. దాచుకోవచ్చని కూడా నాకు తోచలేదు చూడు, అందుకే నాకు ఏడుపొచ్చింది. నీ పద్నాలుగు సంగతులకి కాదు.

ఇది మీ అన్నయ్యకి కూడా తెలియదు. ఆటలో పెట్టుకో.

చెయ్. కానీ బట్టలు నేనే కుడతాను. బొమ్మ కొలతలు పంపు.

వదిన


ఏప్రిల్ 17

వదినా,

పదహారు సాయంత్రం దాకా పోస్టు కోసం గేటు దగ్గర నిలబడ్డాను. రాలేదు. అంటే వద్దన్నారని అనుకున్నాను. మీకా హక్కు ఉంది. పెద్దాయన గదిలోకి వెళ్ళి, "నా దగ్గర ఆట లేదండీ" అన్నాను. ఆయన అద్దాలు తీసి ఒకసారి చూసి, నా కళ్ళ ముందే బోర్డు మీద గొంతు పేరు రాశారు. అతని అసలు పేరు అప్పుడే తెలిసింది. నేను మరమ్మతుల గదికి వచ్చి ఒక గుర్రానికి తోక అతికించాను.

ఇక్కడిదాకా పొద్దున రాశాను. పోస్టు చేద్దామని బయటికొస్తే గేటు దగ్గర మీ ఉత్తరం చేతిలో పెట్టారు.

నిలబడే చదివాను. చదివి పరుగెత్తాను. "ఆట ఉందండీ, ఒక్క రోజు ఆలస్యమైంది, అంతే" అన్నాను. "నిన్న లేని ఆట ఇవాళ ఎక్కడి నుంచి వచ్చింది? రాసిన పేరు చెరపను" అన్నారు. గొంతు పక్కనే ఉన్నాడు. మొదటిసారి అతనికి ఏ గొంతులో మాట్లాడాలో తెలియలేదు.

అయిపోయింది. మీరు మీ బుట్టల సంగతి నాకిచ్చారు, నేను దాన్ని కూడా బుట్టలో పడేశాను. క్షమించండి.

మీ ఆడపడుచు


ఏప్రిల్ 21

అమ్మాయ్,

క్షమాపణలు తరువాత. ముందు జరిగింది విను.

నీ ఉత్తరం చదివి షాపు ఫోను నుంచి మీ థియేటర్‌కి చేశాను. పెద్దాయన్ని పిలవమన్నాను. "మా అమ్మాయి మీకు అబద్ధం చెప్పింది, ఆట ఉంది" అన్నాను. "మీరెవరండీ?" అన్నాడాయన. "ఆ ఆట నేనేనండీ" అన్నాను. ఆయన నవ్వాడు. "పేరు చెరపను గానీ, అదే రోజు పొద్దున పదకొండింటికి రిహార్సల్ గది ఖాళీ. ఇరవై నిమిషాలు. ముప్పై కుర్చీలు పడతాయి. మీరు వస్తారా?" అన్నాడు. నాకు పని ఉందన్నాను.

షాపులో అందరూ కత్తెరలు ఆపి నన్నే చూస్తున్నారు. ఏమిటని అడిగితే, కొలతలు అన్నాను.

నువ్వు బొమ్మ కొలతలు పంపలేదు. అందుకని నా కొలతలు నేనే తీసుకుని, అన్నిటినీ ఆరో వంతు చేసి కోటు కుట్టాను. కాలరు నాకు తోచినట్టు మడిచాను, జేబులు మోచెయ్యి వంచకుండా అందేచోట పెట్టాను. ఎవరి నమూనా చూడలేదు. ఈ పార్సిల్లో ఉంది. నలభై ఆరేళ్ళలో నాకోసం నేను కుట్టుకున్న మొదటి కోటు, నా మోచేతి దాకా కూడా ఎక్కదు.

బొమ్మనే కోటుకి సరిపోయేలా చెక్కు. ఇరవై రోజులు లేవు. తిరగడం ఆపి కూర్చో.

వదిన


మే 10

వదినా,

మీరు రాలేదు. ముందు వరసలో మధ్య కుర్చీ మీద కాగితం అంటించి పెట్టాను. చివరిదాకా ఖాళీగానే ఉంది. అన్నయ్య ఒక్కడే వచ్చి దాని పక్కన కూర్చున్నాడు. మీరెక్కడ అంటే తల గోక్కున్నాడు. పని ఉందన్నారట. సరే.

ఆట అయింది. ముప్పై కుర్చీల్లో మీది తప్ప అన్నీ నిండి, గోడకి ఆనుకుని ఇంకొందరు నిలబడ్డారు. పద్దెనిమిదో తల పూర్తయింది వదినా, ముక్కు, చెవులు, మెడ మీద మడత కూడా. ఈ మూడు వారాలూ నోట్‌బుక్ తెరవలేదు. ఎక్కడ పెట్టానో నిన్న వెతుక్కోవాల్సి వచ్చింది.

మొదటి రంగంలో ఏడుస్తూ వచ్చినవాళ్ళకి కొలతలు. అందరూ నవ్వారు. రెండో రంగంలో నవ్వు తగ్గింది. మూడో రంగంలో బొమ్మ కాగితం అంచున గీస్తుంది, కత్తిరిస్తుంది, అంచు బుట్టలో పడుతుంది. అలా కత్తిరిస్తూ ఉండగానే దీపం తగ్గిపోవాలి. నేను రాసుకున్న ముగింపు అది.

ఇప్పుడొక నిజం మీకు మాత్రమే చెబుతున్నాను. ఎవరితోనూ అనకండి. కత్తిరిస్తూ ఉండగా బొమ్మ కుడి మణికట్టు దారం తెగింది. కత్తెర బల్ల మీద ఠంగుమని పడింది. చెయ్యి వేలాడిపోయింది. తొమ్మిదేళ్ళు దారాలు కట్టినదాన్ని, నా బొమ్మకే దారం తెగింది. నేను దారాలు పట్టుకుని పైన నిలబడి ఉన్నాను. కత్తెర మళ్ళీ పట్టించే దారి లేదు. వేలాడే చెయ్యి ఎవరికీ కనబడకూడదని బొమ్మని బల్ల వెనక నుంచి తిప్పి, మెల్లగా నడిపించి, తలుపు తీసుకుని బయటికి తీసుకెళ్ళిపోయాను. అంతే. తప్పించుకున్నాను.

నా పని అయిపోయిందనుకున్నాను. అప్పుడు చప్పట్లు మొదలయ్యాయి. పెద్దాయన లేచి నిలబడ్డారు. "ఆమె కత్తెర పడేసి వెళ్ళిపోవడం ఎప్పుడు ఆలోచించావు?" అని అడిగారు. "చాలాకాలంగా ఉందండీ" అన్నాను. నోటికొచ్చిన అబద్ధం. దీన్ని నలభై నిమిషాలు చెయ్యి, వచ్చే సీజన్‌కి సాయంత్రం ఆట నీదే అన్నారు. రెండొందల పదకొండు ఆలోచనల్లో ఒక్కటి కూడా కాని దానికి వదినా!

కానీ మీరు రాలేదు. సంతోషం సగమే ఉంది. ఎందుకు రాలేదో రాయండి.

మీ ఆడపడుచు


మే 12

అమ్మాయ్,

నీ ఉత్తరం దారిలో ఉండి ఉంటుంది. నువ్వు నా మీద అలిగి రాసి ఉంటావు. అందుకే దాని కోసం ఆగకుండా రాస్తున్నాను.

నేను వచ్చాను. మీ అన్నయ్యకి కూడా తెలియకుండా వేరే బస్సులో వచ్చి, తలుపు పక్కన గోడకి ఆనుకుని నిలబడ్డాను. ఆ కాగితం అంటించిన కుర్చీ చూశాను. అందులో కూర్చుంటే అందరూ బొమ్మనీ నన్నూ మార్చి మార్చి చూస్తారని భయమేసింది. ఆట కాగానే వెళ్ళిపోయాను. ఉంటే ఏడ్చేదాన్ని. నువ్వు టేపు తెచ్చి నన్ను కొలిచేదానివి.

టేపు ఎడమ భుజం మీదే వేశావు. సంతోషం. నడక కూడా నాదే. నేను అలా ఒక పక్కకి ఒరిగి నడుస్తానని ఇప్పుడే తెలిసింది.

మూడో రంగం గురించి ఒక మాట రాయాలి. నేను నీకు చెప్పింది బుట్టల దాకానే. కత్తెర పడేసి వెళ్ళిపోవడం నేను చెప్పలేదు. నాకే తెలియనిది నీకెలా తెలిసింది? కత్తెర ఠంగుమనగానే గోడ వదిలి ఒక అడుగు ముందుకొచ్చాను. అంత ధైర్యంగా, తలైనా తిప్పకుండా వెళ్ళిపోయింది. నా పక్కన నిలబడ్డావిడ "ఎవరో గానీ మంచి పని చేసింది" అని గొణిగింది.

ఆదివారం అంతా ఆ నడకే కళ్ళ ముందు తిరిగింది. మా ఆడపడుచు నన్ను పంతొమ్మిదేళ్ళుగా చూస్తోంది, రాసుకుంటోంది, చివరికి ఆలోచించి ఆలోచించి ఇదీ ఈమె చేయాల్సింది అని తేల్చింది అనుకున్నాను. సోమవారం పొద్దున షాపుకి వెళ్ళాను. మళ్ళీ నర్సుల కోట్లు, ఇంకో మూడొందలు. జేబుల సంగతి ఇంకొకసారి అడిగాను. నమూనా ఎలా ఉంటే అలాగే అన్నాడు. కత్తెర బల్ల మీద పెట్టాను. పడేయలేదు, మంచి కత్తెర అది. టేపు మాత్రం భుజం మీదే ఉంచుకుని, బల్ల వెనక నుంచి తిరిగి, నువ్వు నడిపించినట్టే నడిచి వచ్చేశాను. అందరూ చూశారు. చప్పట్లు మాత్రం ఎవరూ కొట్టలేదు.

ఇవాళ మంగళవారం. పదకొండయింది. ఇంట్లో ఉన్నాను. కూర్చుంటున్నాను, లేస్తున్నాను, కిటికీ దాకా వెళ్తున్నాను. నీ జబ్బు నాకంటించావు. మీ అన్నయ్య లిఫ్టు గోతిలోంచి గంటకొకసారి ఫోను చేసి "ఏం చేస్తున్నావు?" అంటున్నారు. ఏం చేస్తున్నానో నాకు మాత్రం ఏం తెలుసు?

నువ్వు అంతా ముందే ఆలోచించుకుని రాసి ఉంటావు కాబట్టి అడుగుతున్నాను. ఆ తలుపు దాటాక ఆమె ఎక్కడికి వెళ్తుంది? త్వరగా రాయి.

వదిన